రెండు పాటల మధ్య

శబ్దాన్ని పట్టి నిలిపిన చరిత్రను ఎవరు రాసినా యంత్రాల చరిత్రగానే రాస్తారు. 1877లో ఎడిసన్ గొట్టం, పదేళ్ల తర్వాత బెర్లినర్ పళ్లెం, 1963లో ఫిలిప్స్ కేసెట్టు, 1982లో సీడీ అని ఒక వరస. ఆ వరసలో మగవాళ్ల పేర్లుంటాయి, కంపెనీల పేర్లుంటాయి. యంత్రం ఇంట్లోకొచ్చాక అది ఎవరి చేతికి దక్కింది, ఏ మీట నొక్కే అనుమతి ఎవరికి ఉండింది, ఎవరి గొంతును చెరిపి ఎవరి గొంతు ఎక్కించారు అన్న ప్రశ్నలు మాత్రం ఉండవు. ఈ వ్యాసంలో నేను వెతుక్కుంటున్నది ఆ మీటనే. చిత్తూరు జిల్లా బంగారుపాళ్యంలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి మా ఊరి నుంచే వెతుకుతాను.

వినడానికి మాత్రమే పనికొచ్చే సాధనాలు కొన్ని, వినడానికీ రాయడానికీ కూడా పనికొచ్చేవి కొన్ని. ఎడిసన్ మైనపు గొట్టం మీద ఇంట్లో కూర్చునే గొంతు ఎక్కించుకోవచ్చు. గ్రామఫోను పళ్లెం ఆ వీలును తీసేసింది. ఎక్కడో ఫ్యాక్టరీలో అచ్చయి వచ్చిన దాన్ని విని ఊరుకోవడమే మన వంతయింది. ఈ తేడా స్త్రీలకు కొత్తది కాదు. 'ఆమార్ జీబన్' రాసిన బెంగాలీ రచయిత్రి రాససుందరీ దేవి వంటింట్లో దొంగచాటుగా చదవడం నేర్చుకున్నది. రాయడం మాత్రం ఎన్నో ఏళ్ల తర్వాతే ఆమె చేతికొచ్చింది. చదువుకోనిచ్చిన ఇళ్లు కూడా రాతకు భయపడ్డాయి. చదివే ఆడది వింటుంది, రాసే ఆడది మాట్లాడుతుంది. ఆ భయమే యంత్రాల విషయంలోనూ పనిచేసిందని నా అభిప్రాయం.

1902 నవంబరులో కలకత్తాలో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే గ్రామఫోను కంపెనీ ఉద్యోగి గౌహర్ జాన్ పాటను రికార్డు చేశాడు. పాట నిడివి మూడు నిమిషాలు. ఎంతసేపైనా సాగే రాగాన్ని ఆమె ఆ మూడు నిమిషాల్లోకి కుదించి, చివర్లో గట్టిగా ఇంగ్లీషులో తన పేరు చెప్పింది. మైనపు ముద్రలు జర్మనీలోని హానోవర్ ఫ్యాక్టరీకి వెళ్లేవి. అక్కడి వాళ్లకు ఏ పళ్లానికి ఏ చీటీ అంటించాలో తెలియడానికి ఆ ప్రకటన అవసరమైందంటారు. కారణమేదైనా, ఒక స్త్రీ తన పేరును తన పాటలోనే భద్రపరిచింది. చీటీ ఊడిపోయినా పేరు పోదు.

ఆ తొలి రోజుల్లో బాకా ముందు నిలబడి పాడినవాళ్లలో ఎక్కువమంది తవాయిఫులు, దేవదాసీలు, కళావంతుల స్త్రీలు. కుటుంబ స్త్రీ గొంతు గడప దాటకూడదన్న కట్టడి వాళ్లకు లేకపోవడమే అందుకు కారణం. 1910లో ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను పూర్తి పాఠంతో అచ్చువేయించి నిందలు, నిషేధం ఎదుర్కొన్న బెంగుళూరు నాగరత్నమ్మ కూడా గ్రామఫోనుకు పాడినవారే. పుస్తకం మీదా పళ్లెం మీదా ఆమె తన పేరును తానే నిలబెట్టుకుంది. వీళ్లను కులీన సంగీత చరిత్ర తర్వాత్తర్వాత పక్కకు నెట్టింది గానీ, భారతీయ శబ్ద చరిత్ర మొదలైందే వాళ్ల గొంతులతో.

మా ప్రాంతంలో ప్రతి తెల్లవారుజామూ ఒక స్త్రీ గొంతుతోనే అవుతుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన వెంకటేశ్వర సుప్రభాతం రికార్డు 1963లో వచ్చింది. గుడి మైకు నుంచీ రేడియో నుంచీ ఆ గొంతు వినని రోజు మా చిన్నతనంలో లేదు. విచిత్రంగా అదే ఏడాది బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఫిలిప్స్ వాళ్లు చిన్న కేసెట్టును బయటపెట్టారు. ఒకటి మనకు వినడానికి వచ్చింది. రెండోదానితో మనమూ రాయొచ్చు. ఆ రెండోది మా ఊరికి చేరడానికి ఇంచుమించు ఇరవై ఏళ్లు పట్టింది.

కేసెట్టులో ఉండేది నాలుగు మిల్లీమీటర్లు కూడా వెడల్పులేని ప్లాస్టిక్ నాడా, దాని మీద ఐరన్ ఆక్సైడు పూత. సెకనుకు ఐదు సెంటీమీటర్లకు కాస్త తక్కువగా నడుస్తుంది. సి-90 అంటే పక్కకు నలభై ఐదు నిమిషాలు, దాదాపు 130 మీటర్ల నాడా. రికార్డు మీట నొక్కితే నాడా ముందు చెరిపే తల దగ్గరికి, ఆ తర్వాతే రాసే తల దగ్గరికి వెళ్తుంది. అంటే రాయడమంటేనే ముందు చెరపడం. వద్దనుకుంటే వెనక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ పలకను విరిచెయ్యాలి. మళ్లీ కావాలనుకుంటే ఆ కంతకు కాగితం ముక్క అంటిస్తే సరి. మన ఇళ్లలో ఎంతమంది పాటలు ఆ కాగితం ముక్క కింద పోయాయో లెక్కలేదు.

1980లలో ఈ దేశంలో కేసెట్టు తెచ్చిన మార్పును పీటర్ మాన్యుయెల్ 1993లో ఒక పుస్తకంగా రాశాడు. ఒక్క పెద్ద కంపెనీ గుప్పిట్లో ఉన్న సంగీతం చిన్న కంపెనీల చేతికి, ప్రాంతీయ భాషల చేతికి ఎలా వచ్చిందో అందులో చూపించాడు. ఆయన చూసింది ప్రధానంగా ఉత్తరాదిని, మార్కెట్టును. ఇంట్లో జరిగింది వేరే కథ.

బంగారుపాళ్యం చెన్నై–బెంగళూరు పాత రోడ్డు మీది ఊరు. ఇటు తమిళం, అటు కన్నడం. మా రేడియో ముల్లు మూడు భాషల మధ్య తిరిగేది. సిలోన్ నుంచి మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపించిన రోజులను మా అమ్మ తరంవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. 1986లో మా చిన్నమామ మద్రాసు బర్మా బజారు నుంచి టూ ఇన్ వన్ తెచ్చాడు. రేడియో, టేపు రెండూ ఒకే పెట్టెలో. మొదటి ఏడాది దాన్ని ముట్టుకునే హక్కు మామకు, మా అన్నకు మాత్రమే ఉండేది. ఆడపిల్లలు మీటలు విరగ్గొడతారని భయం. మగవాళ్లు చేలకో, టౌనుకో పోయిన మధ్యాహ్నాలే మా అమ్మకూ మా పిన్నమ్మకూ దొరికిన సమయం.

వాళ్లు చేసిన పనిని ఏమనాలో అప్పుడు తెలియదు. రేడియోలో పాట మొదలవగానే రికార్డూ ప్లే రెండు మీటలూ కలిపి నొక్కడం, అనౌన్సరు నోరు తెరవగానే పాజ్ నొక్కడం, మళ్లీ నచ్చిన పాట కోసం కాచుకోవడం. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో ముందే నోటుబుక్కులో రాసుకునేవాళ్లు. ఏడుపు పాట పక్కన ఇంకో ఏడుపు పాట వద్దు. పెళ్లి పాట తర్వాత అప్పగింతల పాట. చిత్తూరులో రికార్డింగ్ సెంటర్లు వచ్చాక ఖాళీ కేసెట్టుతో పాటు ఆ చీటీ మా అన్న చేతికిచ్చి పంపేవాళ్లు. షాపులోకి ఆడవాళ్లు పోయేవాళ్లు కాదు. చీటీ పోయేది. తిరిగొచ్చిన కేసెట్టులో రెండు మూడు పాటలు షాపతని ఇష్టానికో, మా అన్న ఇష్టానికో మారిపోయి ఉండేవి. మా అమ్మ వాటి మీద మళ్లీ ఇంట్లో తన పాటలు ఎక్కించేది.

ఆ పనికి ఇవాళ డీజే మిక్స్ అని పేరు. ఆ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే అక్కడా ఒక ఆడపిల్ల కనిపిస్తుంది. 1973 ఆగస్టు 11న న్యూయార్కు బ్రాంక్స్‌లో సెడ్జ్‌విక్ అవెన్యూలోని ఒక అపార్టుమెంటు కింద జరిగిన పార్టీతోనే హిప్-హాప్ పుట్టిందని చెప్తారు. రెండు టర్న్ టేబుళ్ల మీద పాటలు కలిపిన కూల్ హెర్క్ పేరు ప్రపంచానికి తెలుసు. ఆ పార్టీ పెట్టింది మాత్రం అతని చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్. బడి తెరిచేలోగా కొత్త బట్టలకు డబ్బు కావాలని ఆమె చేసిన ఆలోచన అది. హాలు మాట్లాడింది ఆమె, టిక్కెట్టు పెట్టింది ఆమె. ఆ తర్వాతి ఏళ్లలో అలాంటి పార్టీల పాటలు కేసెట్టుల మీదకెక్కి చేతులు మారుతూ ఊరంతా తిరిగాయి. ఆ నల్లజాతి పిల్లల సంగీతానికి కంపెనీల తలుపులు తెరుచుకోకముందే ఇంటి కేసెట్టు చోటిచ్చింది.

డీజే పని ముఖ్యంగా రెండు పాటల మధ్య ఖాళీ లేకుండా చెయ్యడం. ఒక పాట దరువు ఇంకో పాట దరువుతో కలవాలి. అందుకు వేగం సవరించాలి. 1979లో వచ్చిన టెక్నిక్స్ రెండో తరం టర్న్ టేబుల్ మీద వేగాన్ని ఎనిమిది శాతం దాకా పెంచే, తగ్గించే మీట ఉండేది. ఇంట్లో కలిపిన దాన్ని కేసెట్టు మీద ఎక్కిస్తే నలభై ఐదు నిమిషాలకు పక్క తిప్పక తప్పదు. 1992లో వచ్చిన మినీడిస్కులో 74 నిమిషాలు ఆగకుండా ఎక్కించొచ్చు. రాసే సీడీలో 80 నిమిషాలు. కంప్యూటరు డిస్కు వచ్చాక హద్దే లేదు. సాధనం మారినకొద్దీ ఖాళీ తగ్గుతూ వచ్చిందన్నమాట. అయితే ఆ ఖాళీలో ఏముండేది?

మా ఇంట్లో ఒక కేసెట్టు ఉంది. 1988లో మా చిన్నమామ చెనక్కాయ చేను దగ్గరికి టేపురికార్డరు తీసుకుపోయి, కలుపు తీస్తున్న ఆడవాళ్ల చేత పాడించి ఎక్కించినది. పాడినవాళ్లు ఐదుగురు, దళితవాడ నుంచి కూలికొచ్చిన స్త్రీలు. చేను మాది, యంత్రం మాది, నాడా మాది. చీటీ మీద మామ రాతలో 'పొలం పాటలు - 88' అని మాత్రమే ఉంది. బ్యాటరీలు సగం అయిపోయిన టేపులో ఎక్కించడం వల్ల నాడా నెమ్మదిగా నడిచింది. నిండు బ్యాటరీలతో వింటే ఆ గొంతులు సన్నగా, తొందరగా, చిన్నపిల్లలు పాడినట్టు వస్తాయి. నలభై ఏళ్ల ఆడవాళ్ల గొంతుల్ని యంత్రం పసిగొంతుల్ని చేసింది.

పాటలు ఏడు. కానీ ఆ కేసెట్టులో నాకు ముఖ్యమైనవి పాటలు కావు. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపల వాళ్లు మాట్లాడుకుంటారు. "మే, ఆ పెట్టి మన మాటలు గూడా పట్టేస్తా ఉందా?" అని ఒకరు. "పట్టుకోని పోయి ఏం జేస్తారంట, కూలి పెంచుతారా?" అని ఇంకొకరు. నవ్వులు. ఆ నవ్వుల మధ్య ఒకర్నొకరు పేరుపెట్టి పిలుచుకుంటారు. ఐదుగురి పేర్లూ అక్కడ ఉన్నాయి. గౌహర్ జాన్ తెలిసి చెప్పిన పనిని వీళ్లు తెలియకుండానే చేశారు. చీటీ మీద లేని పేర్లు నాడా మీద ఉన్నాయి. పాటను మాత్రమే కత్తిరించి తీసుకునే ఎవరికీ అవి దొరకవు.

స్త్రీల చరిత్ర రాసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల మాటలతో నిర్మించిన పుస్తకం. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం తమ నోటితో చెప్పుకున్న జీవితాలు అందులో ఉన్నాయి. పార్టీల చరిత్రలు పట్టించుకోని సంగతులు ఆ మాటల్లో ఎన్నో బయటపడ్డాయి. ఇలాంటి పనికి టేపు కావాలి, అంతకన్నా ఎక్కువగా ఓపికగా వినే మనిషి కావాలి. తడబాటునూ మౌనాన్నీ చెత్తగా ఊడ్చిపారేస్తే మౌఖిక చరిత్ర మిగలదు.

కడప, చిత్తూరు జిల్లాల నుంచి ఎందరో స్త్రీలు ఇంటిపనికి కువైటు వెళ్లారు. ఫోను ఖరీదైన రోజుల్లో కేసెట్టే వాళ్ల ఉత్తరం. కాగితం ఉత్తరమైతే చదువురాని మనిషి ఇంకొకరి చేత రాయించుకోవాలి, ఇక్కడివాళ్లు ఇంకొకరి చేత చదివించుకోవాలి. కేసెట్టులో తన మాట తానే చెప్పుకోవచ్చు. ఆ రకంగా అక్షరం రాని స్త్రీ మొదటిసారి తానే రచయిత అయింది. అయితే ఇక్కడ ఆ కేసెట్టు మోగేది నడింట్లో, అత్తమామల మధ్య, మొగుడి ముందర. అందుకే పిల్లల చదువు, పంపిన డబ్బు, పండగ బట్టలు తప్ప తన కష్టం ఆ మాటల్లో ఉండేది కాదు. విన్న తర్వాత చాలా ఇళ్లలో వాటి మీదే సినిమా పాటలు ఎక్కించుకున్నారు. చెరిపే తల ముందు, రాసే తల వెనక.

సీడీ మళ్లీ మనల్ని వినేవాళ్లుగా మార్చేసింది. రాసే సీడీలు వచ్చినా వాటికి కంప్యూటరు కావాలి. మా ప్రాంతంలో 2000 తర్వాత కంప్యూటరు ఉండేది నెట్ సెంటర్లో, ఫొటో స్టూడియోలో. అంటే మళ్లీ షాపు, మళ్లీ చీటీ, మళ్లీ అన్న. ఆ తర్వాత మెమరీ కార్డు వచ్చింది. సెల్ షాపులో కుర్రాడు తన దగ్గరున్న పాటలన్నీ గంపగుత్తగా కార్డులోకి దించి ఇచ్చేవాడు. ఏ పాట తర్వాత ఏది అన్న ఆలోచన లేదు. కేసెట్టు మీద మా అమ్మ అనుభవించిన ఎంపిక హక్కును వెయ్యి పాటల కార్డు తీసేసుకుంది. ఆడపిల్ల సెల్లు షాపులో ఇస్తే అందులోని ఫొటోలు ఎవరు చూస్తారోనన్న భయం అదనం.

ఈ మార్పుకు మూలమైన ఎంపీ3 వెనక కూడా ఒక స్త్రీ గొంతు ఉంది. జర్మనీలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ బృందం శబ్దాన్ని కుదించే పద్ధతిని తయారుచేస్తున్నప్పుడు సుజాన్ వేగా వాద్యాలు లేకుండా పాడిన 'టామ్స్ డైనర్' పాటను పరీక్షకు వాడింది. మొదట్లో ఆమె గొంతు ఘోరంగా వచ్చింది. ఆ గొంతు సరిగ్గా పలికేదాకా లెక్కలు సవరిస్తూ పోయారు. అందుకే ఆమెను ఎంపీ3కి తల్లి అంటారు. 1990లో అదే గొంతు కింద డీఎన్ఏ అనే ఇద్దరు ఇంగ్లండు కుర్రాళ్లు, ఆమెను అడక్కుండానే, నాట్యానికి తగ్గ దరువు వేసి రికార్డు విడుదల చేశారు. ఆమె దావా వెయ్యలేదు, ఆ రికార్డును అధికారికంగా రానిచ్చింది. పెద్ద హిట్టయింది. తల్లి అనడం గౌరవమే కావచ్చు. కానీ ఆడగొంతు ముడిసరుకుగా, మగవాడి చెయ్యి దాన్ని వస్తువుగా మార్చే నైపుణ్యంగా లెక్కకు రావడం ఈ రెండు కథల్లోనూ ఉంది.

ఎంపీ3 చెయ్యడమంటే చెవికి వినపడదనుకున్న శబ్దాన్ని తీసెయ్యడం. మామూలుగా వాడే కొలతలో సీడీ శబ్దంలో పదకొండో వంతే మిగులుతుంది. వినపడదని తేల్చడం శాస్త్రమే, కాదనను. అయినా ఏది వినదగినదో ముందే నిర్ణయమైపోయిన ప్రపంచంలో ఉండడం మనకు అలవాటే కదా అనిపిస్తుంది.

ఇప్పుడు మా వైపు ఏ పెళ్లికైనా వినాయక నిమజ్జనానికైనా డీజే బండి రాక తప్పదు. ట్రాక్టరు మీద ఎత్తుగా పేర్చిన స్పీకరు పెట్టెలు, వెనక జనరేటరు, ముందు కుర్రాళ్లు. మంగ్లీ, మోహన భోగరాజు వంటి గాయనుల గొంతులు ఆ బండ్ల మీద దద్దరిల్లుతుంటాయి. మిక్సులు చేసేది ఎక్కువగా ఇరవై ఏళ్ల మగపిల్లలు, ఇంట్లో ల్యాప్‌టాప్ మీద. వాళ్లలో చాలామంది కూలి ఇళ్ల పిల్లలని, ఊరి మధ్యన తమ శబ్దం వినిపించడం వాళ్లకు ఒక గెలుపని నాకు తెలుసు. డీజే మీద మధ్యతరగతి చేసే ఫిర్యాదుల్లో చెవినొప్పి ఒక్కటే కాదు, కులం కూడా ఉంటుంది. అదే సమయంలో ఆ బండి ముందర ఆడపిల్లకు ఎంత చోటు, ఎంత భద్రత అన్న ప్రశ్నా నిజమే. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించినప్పుడు చర్చంతా డెసిబెళ్ల మీద నడిచింది. ఈ ప్రశ్న అందులో పెద్దగా వినపడలేదు.

మూడేళ్ల కిందట ఆ 88 కేసెట్టును కంప్యూటరులోకి ఎక్కించుకున్నాను. సంగతి తెలిసి దళితవాడ కుర్రాడొకడు వచ్చాడు. పాడిన ఐదుగురిలో ఒకరి మనవడు, డీజే మిక్సులు చేస్తాడు. "అక్కా, మా అవ్వ గొంతు కింద బీట్ ఏసుకుంటాను, ఇస్తారా?" అన్నాడు. ఇవ్వడానికి అది నాదా? నాడా మాదైనంత మాత్రాన గొంతు మాదవుతుందా? కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకులకు హక్కులిచ్చింది. ప్రదర్శకుల జాబితాలో పాడేవాళ్లతో పాటు గారడీవాళ్లను, పాములాడించేవాళ్లను కూడా చేర్చింది. 2012 సవరణ, ఇది ఫలానావాళ్ల ప్రదర్శన అని గుర్తింపు కోరే నైతిక హక్కునూ ఇచ్చింది. 1988 నాటి కలుపు పాటకు ఇవన్నీ వర్తిస్తాయో లేదో న్యాయవాదులు తేల్చాలి. నా వరకు, పాడినవాళ్లను అడగడమే దారి.

ఐదుగురిలో ఇద్దరే మిగిలారు. ఆ పిల్లవాడూ నేనూ కలిసి వెళ్లి ముందు కేసెట్టంతా వినిపించాం. బ్యాటరీ లోపం వల్ల మారిన వేగాన్ని వాడే తన ల్యాప్‌టాప్‌లో సవరించాడు. పసిగొంతులు మళ్లీ నడివయసు గొంతులయ్యాయి. పాటలకన్నా మధ్య మాటలకు వాళ్లు ఎక్కువ నవ్వారు. చనిపోయినవాళ్ల నవ్వులు వినిపించినప్పుడు మాత్రం నోరు మెదపలేదు. తర్వాత వాడి అవ్వ అంది: "ఏసుకో నాయనా, పది మంది వింటారు. నా పేరు జెప్పి ఎయ్." రెండో ఆమె ఒప్పుకోలేదు. "తాగి ఎగిరేవాళ్ల ముందర మా పాట వద్దమ్మణ్ణీ. అది పని జేసుకుంటా పాడుకునింది" అంది. ఇద్దరి గొంతులూ అన్ని పాటల్లోనూ కలిసే ఉన్నాయి, ఒకటి తీసి ఒకటి వాడే వీలు లేదు. ఆ మిక్సు ఇప్పటిదాకా తయారవలేదు. పిల్లవాడు అవ్వ చేత ఒంటరిగా మళ్లీ పాడించి తన ఫోనులో ఎక్కించుకున్నాడు. మొదట ఆమె తన పేరు, ఊరు చెప్పింది. మొత్తం ఐదుగురి పాట ఎవరిది, కాదన్న ఒక్కరి మాటకు ఎంత విలువ అన్న చర్చ మా మధ్య ఇంకా నడుస్తోంది. ఆ పేర్లు ఇక్కడ రాయడానికి కూడా నాకు అనుమతి లేదు. కాబట్టి రాయడం లేదు.

మన ఇళ్లలో ఇంకా అటకల మీద కేసెట్టులున్నాయి. చెమ్మకు బూజు పడుతున్నాయి, పూత రాలుతోంది. రాసే సీడీల రంగు పొరా ఎల్లకాలం నిలిచేది కాదు. మెమరీ కార్డులూ అంతే. యూనివర్సిటీల తెలుగు శాఖలూ స్త్రీ అధ్యయన కేంద్రాలూ పాటల సాహిత్యాన్ని సేకరించి అచ్చువేశాయి, మంచిదే. అచ్చులో పాట మిగులుతుంది, గొంతు మిగలదు. గొంతును ఎక్కించుకున్నవాళ్లు కూడా శుభ్రంగా ఉండాలని మధ్య మాటలు కోసేస్తుంటారు. కేసెట్టు దొరికితే ముందు వెనకవైపు పలకలు విరిచెయ్యండి, పొరపాటున కూడా దాని మీద ఇంకేమీ ఎక్కకుండా. మొత్తం నిడివినీ దగ్గుతో, కుక్క అరుపుతో, నవ్వుతో సహా ఒకేసారి ఎక్కించండి. పాడినవాళ్లు బతికుంటే వాళ్ల ముందర కూర్చుని వినండి. చీటీ మీద ఏం రాయాలో వాళ్లనే అడగండి.